బరువైన దేహానికి సుఖమైన సైకిల్: ఆరు నెలలు తొక్కిన తరువాత

నా బరువు 118 కిలోలు. అందుకే కాలక్షేపానికి సైకిల్ కొనాలనుకున్నప్పుడు మొట్టమొదట తయారీదారు ఇచ్చిన బరువు పరిమితిని చూశాను. సామానుతో కలిపి 136 కిలోల వరకు మోయగలదన్న ఈ వెడల్పు టైర్ల సైకిల్‌ను ఎంచుకుని, ఆరు నెలలుగా తొక్కుతున్నాను.

నిటారుగా కూర్చుని తొక్కేటప్పుడు దేహభారంలో సగానికి మించి వెనుక చక్రం మీదే పడుతుంది. 28 పుల్లల చక్రాలున్న నా పాత సైకిల్‌లో తరచూ వెనుక పుల్లలే విరిగేవి. దీనికి ఒక్కో చక్రానికి 36 పుల్లలున్నాయి. కొత్త పుల్లలు సర్దుకునేటప్పుడు కొంత వదులవడం సహజం కనుక, మొదటి 300 కిలోమీటర్ల తరువాత ఒకసారి బిగించి బెండు తీయించాను. అప్పటి నుంచి ఒక్కటీ విరగలేదు.

టైర్ల వెడల్పు రెండు అంగుళాలు. పాత సైకిల్ సన్నని టైరులో గాలి గట్టిగా కొట్టక తప్పేది కాదు గనుక ప్రతి గతుకూ నడుముకు తగిలేది. వెడల్పు టైరులో గాలి పరిమాణం ఎక్కువ కాబట్టి, వెనుక టైరులో గాలి ఒత్తిడి 45 పీఎస్‌ఐ మాత్రమే ఉన్నా నా బరువును హాయిగా మోస్తోంది. అంతకన్నా బాగా తగ్గితే మాత్రం రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది. కనుక వారానికోసారి గాలి చూసుకోవాలి.

నన్ను నిజంగా బాధపెట్టింది సైకిల్‌తో వచ్చిన సీటు. దిండులా మెత్తగా ఉండే ఆ సీటును చూసి మొదట ఎంతో సంతోషించాను గానీ, అరగంట గడిచేసరికి స్పాంజి అణగిపోయి, బరువును మోయవలసిన పిరుదుల ఎముకలకు ఆనిక లేక, తొడలు ఒరుసుకుని తిమ్మిరెక్కేవి. అట్టముక్క మీద కూర్చుని, పడిన రెండు గుంటల మధ్య దూరం కొలుచుకుని, దానికన్నా రెండు సెంటీమీటర్లు వెడల్పుగా, కాస్త గట్టిగా ఉన్న సీటు వేయించుకున్నాను. ఇప్పుడు రెండు గంటలు తొక్కినా నొప్పి లేదు. బరువైనవారికి మెత్తదనమే సుఖమనుకుని దిండులాంటి సీటు అమర్చడం పెద్ద పొరపాటని నా గట్టి అభిప్రాయం.

ఫ్రేము మధ్య భాగం కిందికి ఉన్నందున కాలు ఎత్తి వేయనవసరం లేదు. డిస్కు బ్రేకులు నమ్మదగినవి. హ్యాండిల్ ఎత్తుగా ఉండటం వల్ల తొడలు పొట్టకు తగలక ఊపిరి నిండుగా ఆడుతుంది. ముందు 28, వెనుక 34 పళ్ళున్న చిన్న గేరులో, పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం పూర్తి చుట్టు కూడా తిరగదు. అందువల్ల ఇదివరకు దిగి నడిపించుకుంటూ పోయిన ఎత్తును ఇప్పుడు కూర్చునే ఎక్కుతున్నాను, పైకి చేరాక పక్కవారితో మాట్లాడేంత ఊపిరి మిగులుతోంది.