లైబీరియా: శాంతిసేనను ఉంచడమా, పంపించడమా?

2016 చివర్లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందు రెండు దారులున్నాయి: 2003 నుంచి పశ్చిమ ఆఫ్రికా దేశం లైబీరియాలో ఉన్న శాంతిసేనను వెనక్కి పిలవడం, లేదా ఇంకొన్నాళ్లు ఉంచడం.

పిలవడానికి గట్టి కారణమే ఉంది. ఆ ఏడాది జూన్ 30 నాటికే భద్రత బాధ్యత లైబీరియా ప్రభుత్వం చేతికొచ్చింది. బయటివాళ్లు కాపలా కాసినంత కాలం సొంత పోలీసుల మీద జనానికి గురి కుదరదు. ఖర్చు సంగతి సరేసరి.

ఉంచితే? 2017లో అధ్యక్ష ఎన్నికలు. ఎన్నికైన నేత మరో ఎన్నికైన నేతకు ప్రశాంతంగా పగ్గాలు అప్పగించి అక్కడ ఏడు దశాబ్దాలు దాటింది. రెండు అంతర్యుద్ధాలు చూసిన జనానికి ఆ టెన్షన్ చిన్నది కాదు. పైగా శాంతిసేన అంటే తుపాకులొక్కటే కాదు. 2007లో మన దేశం నుంచి వెళ్లిన మహిళా పోలీసు దళం రాజధాని మన్రోవియా వీధుల్లో రాత్రి గస్తీ తిరిగింది, అధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా కాసింది. వాళ్లను చూసి పోలీసు ఉద్యోగానికి ముందుకొచ్చిన అక్కడి ఆడపిల్లలున్నారు. ఈ ధైర్యం ఏ బడ్జెట్ లెక్కలోనూ కనిపించదు.

నా ఓటు పొడిగింపుకే, అయితే గడువు ముందే తేల్చి చెప్పాలి. మండలి అదే చేసింది: 2018 మార్చి 30 వరకు, ఇదే ఆఖరిసారి అంది. ఆ ఏడాది జనవరిలో కొత్త అధ్యక్షుడిగా జార్జ్ వియా ప్రమాణం చేశారు. గడువు నాటికి శాంతిసేన పని ముగిసింది.