ఏలియాస్ ఫైల్లో ఒక్క లైను, నాకు మూడు రాత్రుల జాగారం

మెయిల్ సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌ను ఎలా పెట్టుకోవాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. వాడేవాళ్లకు తెలుసు, వాడనివాళ్లకు అక్కర్లేదు. మెయిల్ సమస్యలు చెప్పుకోవడానికి ప్రతి డొమైన్‌కూ ఉండాల్సిన పోస్ట్‌మాస్టర్ అడ్రసు లేక నేను పడ్డ పాట్లివి. గుంటూరులో మా మామయ్య మిర్చి ఎగుమతి ఆఫీసు మెయిళ్లన్నీ ఐదేళ్లుగా ఒక అద్దె వీపీఎస్ (బయటి కంపెనీ సర్వర్లో మన వాటా) మీద పోస్ట్‌ఫిక్స్‌తో నేనే నడుపుతున్నాను. పదకొండు మెయిల్‌బాక్సులు. 'నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు' అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి. ఇబ్బంది వస్తే నాకు తెలిసే దారే లేదని పోయిన మార్చిలో అర్థమైంది.

సీజన్ మంచి ఊపు మీద ఉంది. యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) పోటెత్తుతున్నాయి. మామయ్య ఫోను: "ఏందిరా, తేజ రకానికి కొటేషన్ పంపి రెండ్రోజులైంది, మలేషియా వాళ్లకేమో అందలేదంట!" లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తెరిస్తే వరసగా 550లు, అంటే అవతలి సర్వర్లు మా మెయిళ్లను తిప్పికొట్టాయి. మా ఐపీ (సర్వర్ నెట్ అడ్రసు) మూడు బ్లాక్‌లిస్టుల్లో, అంటే స్పామ్ పంపే సర్వర్ల జాబితాల్లో ఉంది. లెక్కలు రాసే కుర్రాడి పాస్‌వర్డు షాపు పేరు, పక్కన 123. ఎవడో దాన్ని పట్టుకుని రాత్రంతా, మెయిల్ పంపడానికి వాడే మా 587 పోర్టు నుంచి లాటరీ మెయిళ్లు కొట్టాడు. పాస్‌వర్డు మార్చి, ఇంకా వెళ్లకుండా వరసలో ఉన్న మెయిళ్ల క్యూ మొత్తం ఊడ్చేశాను. ఆ ఊడ్పులో మామయ్య కొటేషన్లు రెండు పోయాయి, ఆ సంగతి ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.

ఆ మూడింట్లో ఒకటైన స్పామ్‌కాప్ నుంచి బయటపడటానికి మనం చేయాల్సిందేమీ లేదు. ఫిర్యాదులు ఆగాక 24 గంటలకు అదే తీసేస్తుంది. ఇంకోదాంట్లో ఫారం నింపితే సాయంత్రానికి పోయింది. మూడోదే నా ప్రాణం తీసింది. తొలగించమని అడిగితే కన్ఫర్మేషన్ లింకు పంపుతుంది. కానీ నా జీమెయిల్‌కు కాదు, మా డొమైన్ పోస్ట్‌మాస్టర్ అడ్రసుకే. ఆ డొమైను నిజంగా మన చేతిలో ఉందో లేదో చూడటానికి. న్యాయమే. మాకు ఆ అడ్రసే లేదు.

ఏ పేరుకొచ్చిన మెయిల్ ఎవరికి వెళ్లాలో రాసే ఏలియాసెస్ ఫైల్లో పోస్ట్‌మాస్టర్‌కు ఎదురుగా నా పేరు రాసి, అది అమల్లోకి రావడానికి న్యూఏలియాసెస్ కమాండ్ కొట్టి, సర్వర్ లోంచే టెస్ట్ మెయిల్ పంపాను. వచ్చింది. హమ్మయ్య అనుకుని లింకు మళ్లీ అడిగాను. రాలేదు. లాగ్‌లో 'యూజర్ అన్‌నోన్ ఇన్ వర్చువల్ మెయిల్‌బాక్స్ టేబుల్', అంటే అలాంటి అడ్రసే లేదని. ఆ రాత్రి అలా పోయింది. సంగతేమిటంటే, ఏలియాసెస్ ఫైలు లోకల్ డెలివరీకి, అంటే ఆ సర్వర్ మీదే ఖాతాలున్న యూజర్లకు మాత్రమే. మా డొమైనేమో వర్చువల్ డొమైన్ల (ఆ ఖాతాలతో సంబంధం లేని మెయిల్‌బాక్సులుండే వాటి) జాబితాలో ఉంది. బయటి నుంచి వచ్చే మెయిల్ ఆ ఫైలు మొహమే చూడదు. వర్చువల్ ఏలియాస్ మ్యాప్‌లో పూర్తి అడ్రసుతో వేరే లైను రాయాలి, అది అమల్లోకి రావడానికి పోస్ట్‌మ్యాప్ కమాండ్ కొట్టాలి. లోపలి నుంచి చేసిన టెస్టు టెస్టే కాదు, ఫోన్లో జీమెయిల్ తెరిచి పంపి చూడాల్సింది.

రాశాను. అయినా రాలేదు! ఈసారి అడ్డుపడింది మా స్పామ్ ఫిల్టరే. మా మీద వచ్చిన ఫిర్యాదుకు రుజువుగా మా దగ్గర్నుంచి వెళ్లిన లాటరీ మెయిలునే ఆ లింకు మెయిలుకు జతచేసి పంపారు. ఫిల్టర్ దాన్ని చూసి ఇది స్పామ్ అని చెత్తలో పడేసింది. దాని పని అది సరిగ్గానే చేసింది, పాపం. పోస్ట్‌మాస్టర్‌కు వచ్చేవాటిని ఫిల్టర్ నుంచి తప్పించాను. బ్లాక్‌లిస్టు తనిఖీ కంటే పైన ఆ అడ్రసుకు మినహాయింపు లైను కూడా పెట్టాను. అదైనా రిలే (బయటివాళ్లు మా సర్వర్ మీదుగా వేరేవాళ్లకు మెయిళ్లు పంపడం) అడ్డుకునే లైను కిందే ఉండాలి, పైకి ఎక్కిస్తే ఇంకో తలనొప్పి. మూడో రాత్రి లింకు వచ్చింది.

ఇంతా చేసి ఇదేమైనా కొత్త నిబంధనా? 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలు) లోనే పోస్ట్‌మాస్టర్ ఉండి తీరాలని ఉంది. 2008లో వచ్చిన 5321 కూడా అదే అంటుంది, డొమైన్ పేరు లేకుండా ఉత్త 'పోస్ట్‌మాస్టర్' అని వచ్చినా తీసుకోవాలంటుంది. పోస్ట్‌మాస్టర్, అబ్యూస్ (స్పామ్ లాంటి దుర్వినియోగం మీద ఫిర్యాదు చేసే) అడ్రసులు పనిచేయని డొమైన్లను పట్టుకోవడానికే ఆర్‌ఎఫ్‌సీ-ఇగ్నోరెంట్ అనే జాబితా ఉండేది, 2012లో మూతపడింది. అది ఇంకా ఉంటే మేం మొదటి రోజే దొరికిపోయేవాళ్లం.

అయితే ఈ అడ్రసు పెట్టుకుంటే బ్లాక్‌లిస్టు నుంచి బయటపడతామని మాత్రం అనను. మమ్మల్ని బయటపడేసింది పాస్‌వర్డు మార్పే. అడ్రసు లేకపోతే ఆ ముక్క చెప్పుకునే వీలు లేదు, అంతే. శ్రమ లేని అడ్రసు కూడా కాదిది. స్పామర్లకూ తెలుసు గనుక రోజూ చెత్త వస్తుంది, మా డొమైన్ పేరుతో వెళ్లే మెయిళ్ల మీద అవతలి సర్వర్లు పంపే డీమార్క్ రిపోర్టులు వేరే. వారానికోసారి కూర్చుని చూస్తాను.

నాకు లాగులు చదవడం సరదా, మెయిల్‌బాక్సులు పదకొండే, సీజన్ తప్పితే మామయ్య తొందరపెట్టడు. అందుకే ఇంకా దీన్నే నడుపుతున్నాను. యాభై మంది ఉండి, చూసే మనిషి లేని ఆఫీసైతే నెలకింత అని కట్టి బయట తీసుకోవడమే సుఖమేమో. మామయ్యైతే తన ఏర్పాటు తను చేసుకున్నాడు: మెయిల్ పంపిన వెంటనే అవతలివాళ్లకు వాట్సాప్‌లో 'అందిందా' అని కొడుతున్నాడు.