కంపవాతానికి నాలుగేళ్ల సైకిల్

హన్మకొండలోని మా ఇంటి వసారాలో ఉన్న వ్యాయామ సైకిల్‌ను నేను నాలుగేళ్లుగా తొక్కుతున్నాను. నాకు కంపవాతం, అంటే పార్కిన్సన్స్ వ్యాధి అని తేలిన ఏడాదికి, న్యూరాలజిస్టు సలహా మీద కొన్నాను. ఎడమచేతి వణుకు కన్నా నన్ను ఎక్కువగా కుంగదీసింది గడప దగ్గర పాదం నేలకు అతుక్కుపోవడం. గడప దాటలేని ఆ కాలే పెడల్ మీద పెట్టగానే గిర్రున తిరగడం నాకే నమ్మబుద్ధి కాలేదు. సరిగా నడవలేని రోగి సైకిల్ మాత్రం చక్కగా తొక్కిన ఉదంతాన్ని నెదర్లాండ్స్ వైద్యులు 2010లోనే ప్రచురించారని తర్వాత చదివాను.

మొదటి మూడు నెలలు వృథా చేసుకున్నాను. పెడల్ బరువు పెంచితేనే ఫలితమని దుకాణదారు చెప్పడంతో, ఆ బరువును మార్చే నాబ్ బిగించి, నిమిషానికి 50 చుట్లు కూడా దాటకుండా తొక్కితే మోకాళ్లు పట్టేశాయి తప్ప ఒరిగిందేమీ లేదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో జే ఆల్బర్ట్స్ బృందం రోగులను ఇద్దరు తొక్కే సైకిల్ ఎక్కించి, ముందు కూర్చున్న శిక్షకుడి వేగంతో వారి కాళ్లు కూడా నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తిరిగేలా చేసినప్పుడు, 8 వారాల్లో కదలికల స్కోరు సుమారు 35 శాతం మెరుగుపడింది. తమకు తోచిన వేగంతో తొక్కినవారిలో ఆ మార్పు రాలేదు. అది పదిమందితో చేసిన చిన్న ప్రయోగమే అయినా, నా పొరపాటు ఎక్కడుందో దానివల్లే తెలిసింది. నాబ్ వదులు చేసి, మెల్లగా మొదలుపెట్టి 80 చుట్ల దాకా వెళ్లి, వారానికి నాలుగు రోజులు 40 నిమిషాలు తొక్కుతున్నాను.

వణుకు తగ్గలేదు. అయితే చీమల బారులా కుంచించుకుపోయిన నా సంతకం కాస్త విచ్చుకుంది. నవంబరులో పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ మీద పెట్టిన సంతకాన్ని గుమాస్తా ఈసారి మళ్లీ అడగలేదు. చొక్కా గుండీలు కూడా నేనే పెట్టుకుంటున్నాను. ఈ వ్యాధికి వేసుకునే లెవోడోపా మందు మోతాదు మాత్రం అంతే ఉంది. బిళ్ల వేసుకున్న ముప్పావుగంటకు, మందు పనిచేస్తున్నప్పుడే సైకిల్ ఎక్కుతాను.

ఎడమ పాదం పెడల్ మీది నుంచి జారి ఒకసారి పిక్క చీరుకుపోయింది కాబట్టి పట్టీ బిగించనిదే తొక్కకూడదు. దిగేటప్పుడు రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. రెండు నిమిషాలు సీటు మీదే ఆగాలి. కొనేవారు అడ్డకడ్డీ లేనిది, వీపుకు ఆనుడున్నది చూసుకోవాలి. కాలు ఎత్తి అవతల వేయడమే మనకు కష్టం.

మేడారం జాతరకు చుట్టాలు దిగినప్పుడు వసారాలో చాపలు పరిచి, సైకిల్‌ను రెండు వారాలు మూలకు నెట్టాం. వాళ్లు బయలుదేరే రోజున సాగనంపుదామని లేచిన నేను మళ్లీ గడప దగ్గరే నిలిచిపోయాను.