ఆరేళ్ళ మాక్రో లెన్స్, నలభై రూపాయల గాజు పలక

చిన్న వస్తువుల్ని బాగా దగ్గర్నించి తీసే ఈ 100 ఎం.ఎం. మాక్రో లెన్స్ నా చేతికొచ్చి ఆరేళ్ళు దాటింది. సెకండ్‌హ్యాండ్‌లో 21 వేలకి తీసుకున్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ రకం మాక్రో ఎవరిదైనా షార్ప్‌గానే ఉంటుంది, తిప్పలన్నీ లెన్స్ బయటే. నేను ఫొటోలు తీసేది పాత నాణేలకి: నిజాం రూపాయిలు, బ్రిటిష్ వాళ్ళ వెండి రూపాయిలు, 1943లో మొదలైన చిల్లు కానీలు. కాకినాడలో మా డాబా మీద గదే నా స్టూడియో.

కొన్న కొత్తలో ఏది కనిపించినా 1:1లో, అంటే కెమెరా సెన్సర్ మీద వస్తువు అసలు సైజులోనే పడేలా, తీయాలన్న పిచ్చి ఉండేది. నా కెమెరా సెన్సర్ ఎత్తు దాదాపు 16 మిల్లీమీటర్లు. వెండి రూపాయి అడ్డం 30కి పైనే. అంటే 1:1లో పెడితే సగం రూపాయే ఫ్రేములో పడుతుంది. నూటికి తొంభై ఫొటోలు అందులో సగం మాగ్నిఫికేషన్‌తోనో, ఇంకా తక్కువతోనో తీసినవే. 1:1తో పని పడేది ఒక్క చోట. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి మీద చార్మినార్ ఉంటుంది, దాని కమాను మధ్యలో ఒక ఉర్దూ అక్షరం, ‘ఉస్మాన్’ అన్న పేరుకి మొదటిదైన ‘ఐన్’. కొనేవాళ్ళు ముందు అడిగేది ఆ అక్షరం ఎలా ఉందో చూపించమనే. అరిగిపోయిందా, గీత పడిందా అన్నది అక్కడే తేలుతుంది.

ఇక ఫోకస్. ఎఫ్ అంకె అంటే లెన్స్ రంధ్రం (అపర్చర్) కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదై ఫోకస్‌లో ఉండే లోతు పెరుగుతుంది. 1:1లో ఎఫ్/8 పెట్టినా స్పష్టంగా వచ్చే మందం అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ, అంతే. పోనీ ఎఫ్/22కి వెళ్దామంటే ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది. ఏడాది పాటు అలాగే తీసి, లెన్స్‌లోనే ఏదో లోపం ఉందని తిట్టుకున్నాను. ఇప్పుడు నాణేనికి ఎఫ్/8 దాటను. దాటకుండా ఉండాలంటే కెమెరా నాణేనికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. దానికో చిట్కా ఉంది. నాణెం పెట్టే చోట ముఖం చూసుకునే చిన్న అద్దం పెట్టి, కెమెరాలోంచి చూడాలి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము నడిమధ్యన కనిపించిందా, సమాంతరంగా ఉన్నట్టే. పక్కకి జరిగిందా, కెమెరా వంకరగా ఉన్నట్టు. స్పిరిట్ లెవల్ ఎంత పెట్టినా నాకు ఇంత కచ్చితంగా కుదరలేదు.

ట్రైపాడ్ మొదటి ఏడాదికే మూలకెళ్ళింది. రాజమండ్రిలో మూతపడ్డ ఒక స్టూడియో నుంచి పాత ఎన్‌లార్జర్ (ఫిల్మ్ రీలు నుంచి ఫొటోలు పెద్దవి చేసే యంత్రం) 1500కి తెచ్చాను. పై తలకాయ తీసేసి దాని స్థానంలో కెమెరా బిగించాను. చక్రం తిప్పితే కెమెరా కొద్దికొద్దిగా దిగుతుంది. లెన్స్ రింగు తిప్పితే ఫోకస్‌తో పాటు సైజూ మారిపోతుంది, కాబట్టి రింగు ముట్టుకోకుండా కెమెరానే పైకీ కిందకీ జరపడం మేలు. ఆటోఫోకస్ ఎప్పుడో ఆపేశాను, ఈ దూరంలో అది ముందుకీ వెనక్కీ గుయ్యిమంటూ తిరగడం తప్ప చేసేదేం లేదు. రెండు సెకండ్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేస్తాను. ఫ్యాన్ ఆపాలి, కింద రోడ్డు మీద లారీ పోయేదాకా ఆగాలి. మే నెలలో ఒకసారి మా అమ్మ పైకొచ్చి, “ఎన్నిసార్లు తీస్తావురా ఆ రూపాయిని? అదేమన్నా పారిపోతుందా? ముందు ఫ్యాన్ వెయ్యి” అంది.

అసలు కథ లైటుది. మొదట్లో గదిలో ఉన్న పసుపు బల్బు కిందే తీసి ఒక వెండి రూపాయి అమ్మాను. పంపించాక కొన్నాయన ఫోన్ చేసి, “ఫొటోలో బంగారపు మెరుపుందండీ, చేతికొచ్చింది మాత్రం తెల్లగా ఉంది” అన్నారు. తప్పు నాదే, డబ్బు తిరిగిచ్చేశాను. అప్పట్నించీ రెండు ఒకే రకం తెల్ల ఎల్‌ఈడీలు, ముందు ట్రేసింగ్ పేపరు, గదిలో మిగతా లైట్లన్నీ ఆఫ్.

అరిగిన నాణేనికి లైటు బాగా వంచి, దాదాపు బల్ల మీద పాకేట్టు పెట్టాలి. అదీ ఫొటో పై వైపు నుంచి పడాలి. కింది వైపు నుంచి పడితే ఉబ్బెత్తు అక్షరాలు గుంటల్లా కనిపిస్తాయి, రాజుగారి ముక్కు లోపలికి పోతుంది. చింతపండుతో తోమిన నాణేలు కూడా ఈ వంపు లైటులోనే దొరికిపోతాయి. మామూలుగా చూస్తే తళతళలాడుతుంటాయి, లైటు వంచగానే సన్న గీతలు వందలు బయటపడతాయి.

మెరుపు పోని నాణేలకి మాత్రం ఈ లైటు పనికిరాదు. వాటి కోసమే ఫొటో ఫ్రేముల కొట్లో నలభై రూపాయలిచ్చి ఒక గాజు పలక కోయించుకున్నాను. నాణేనికీ లెన్స్‌కీ మధ్య దాన్ని 45 డిగ్రీల వంపులో నిలబెట్టి, లైటు పక్కనుంచి పలక మీద వేస్తాను. పలక ఆ లైటును తిన్నగా కిందికి నాణెం మీదికి మళ్ళిస్తుంది, లెన్స్ అదే పలకలోంచి చూస్తుంది. చదునైన వెండి వెలిగిపోతుంది, అక్షరాల అంచులు నల్లగా, చెక్కినట్టు నిలబడతాయి. మొదటిసారి తెర మీద అది చూసి కాసేపు ఏ బటనూ నొక్కలేదు. లైటు నేరుగా లెన్స్‌లోకి పడకుండా మధ్యలో నల్ల అట్ట అడ్డం పెట్టాలి, లేకపోతే ఫొటో అంతా పాలు పోసినట్టవుతుంది. పలక మీద వేలిముద్ర ఉన్నా అంతే.

నాణేలతోనే సరిపెట్టుకునేవాణ్ణి. మా మేనకోడలు వన్ గ్రామ్ గోల్డ్ నగలు అమ్ముతుంది. “మామయ్యా, ఈ బుట్టలు కూడా తియ్యవా” అంది. బుట్ట అంటే రెండున్నర సెంటీమీటర్ల లోతు, ఒక్క ఫొటోలో అంతా ఫోకస్‌లోకి రావడం కల్ల. కెమెరాని కొద్దికొద్దిగా దించుతూ పదహారు ఫొటోలు తీసి జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకటిగా కలిపాను. పై కొక్కెం నుంచి కింది గాజుపూసదాకా అన్నీ తేటగా వచ్చాయి, ముత్యాల వరస మాత్రం గాలికి ఊగి రెండుగా వచ్చింది. మూడోసారికి కుదిరింది. నెలకి ఇరవై జతలు ఇలా తీయమంటే మాత్రం నా వల్ల కాదని చెప్పేశాను.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు నన్నడిగితే, ముందు స్టాండు, లైట్లు, గాజు పలక చూసుకోమంటాను. ఉన్న లెన్స్‌కే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) తగిలించి ఆరు నెలలు గడపొచ్చు. చవక ట్యూబుల్లో కెమెరాని లెన్స్‌తో కలిపే కరెంటు కాంటాక్టులు ఉండవు, కెమెరా నుంచి అపర్చర్ మార్చలేం, అది చూసి కొనండి. ఫోన్‌లో మాక్రో మోడ్ నాణేలకి నాకు నచ్చలేదు. మరీ దగ్గరికెళ్ళాలి, ఫోన్ నీడే నాణెం మీద పడుతుంది. మాక్రో లెన్స్ లెక్క వేరు, ముందు వైపు జానెడు దాకా ఖాళీ మిగులుతుంది, లైటు పెట్టుకోవడానికి చోటుంటుంది. దానికే 21 వేలు ఇచ్చానని ఇప్పుడు అనిపిస్తుంది.

సముద్రం పక్క ఊళ్ళో ఈ లెన్స్‌తో నాకున్న ఒకే ఒక టెన్షన్ బూజు. రెండో వానాకాలం ముందు అద్దం అంచున సాలీడు గూడులాంటి సన్న దారం కనబడింది, శుభ్రం చేయించడానికి రెండువేలు వదిలింది. అప్పట్నించి గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెడుతున్నాను. నిన్న తెరిస్తే నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగున్నాయి. వంటకి వాడని పాత మూకుడులో వేసి పొయ్యి మీద పెట్టాను, నీలం తిరిగొచ్చేలోపు ఇంకో రూపాయికి ఫొటో తీసుకోవచ్చు.