గోపాల్‌పూర్ ఉప్పుగాలిలో ఏడేళ్లు నడిచిన మా గేటు మోటారు

మా ఇల్లు ఒడిశాలోని గంజాం జిల్లా గోపాల్‌పూర్‌లో, సముద్రానికి ఏడెనిమిది వందల మీటర్ల దూరంలో ఉంది. నేను పొద్దున్నే బరంపురం వెళ్లి చీకటి పడ్డాక తిరిగొస్తాను. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ వాకిట్లోకి వచ్చి 14 అడుగుల ఇనప గేటు తోయడం చూడలేక, 2018 ఫిబ్రవరిలో ఆటోమేటిక్ మోటారు పెట్టించాను. ఏడేళ్లు దాటింది. మోటారు ఇంకా అదే. దాని చుట్టూ ఉన్నవి మాత్రం దాదాపు అన్నీ ఒక్కసారైనా మార్చాల్సి వచ్చింది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు తీరంలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఈమధ్య ఇలాంటివి ఎక్కువగా పెట్టిస్తున్నారు. వాళ్లకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది పక్కకి జరిగే గేటు. మోటారు 230 వోల్టుల ఏసీ, 600 కిలోల గేటు వరకు లాగుతుంది. మా గేటు బరువు సుమారు 280 కిలోలు. ఇంత పెద్ద మోటారు ఎందుకని షాపులో అడిగారు. అది తీసుకోవడమే నేను చేసిన మంచి పని. ఉప్పుగాలికి చక్రాల బేరింగులు బిగుసుకుంటే 280 కిలోల గేటు కూడా మొరాయిస్తుంది, ఆ భారమంతా మోటారు మీదే పడుతుంది. మోటారు, ర్యాక్ (మోటారు లాగడానికి గేటుకి బిగించే పళ్ల పట్టీ), సెన్సర్లు, రెండు రిమోట్లు, బిగింపు కూలీ కలిపి అప్పట్లో 36 వేలు అయింది.

పెట్టించిన ఎనిమిది నెలలకే తిత్లీ తుపాను వచ్చింది. అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ముందు రోజు సాయంత్రానికే మా దగ్గర గాలి హోరెత్తిపోతోంది, కరెంటు పోయింది. అమ్మను బరంపురంలో అక్క వాళ్లింటికి చేర్చాలని కారు బయటికి తీయబోయాను. కరెంటు లేనప్పుడు మోటారు పక్కనున్న తాళం తిప్పి లివర్ లాగితే మోటారు పట్టు వదిలేస్తుంది, గేటు చేత్తో జరుగుతుంది. తాళంచెవి పెట్టి తిప్పాను. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. ఎనిమిది నెలల్లో ఆ తాళాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. లోపల ఉప్పూ తుప్పూ కలిసి గట్టిపడిపోయాయి. గట్టిగా తిప్పితే చెవి విరుగుతుందని భయం. చివరికి పక్కింటి కుర్రాళ్లు ఇద్దరు టార్చి పట్టుకుంటే, గేటుకి ర్యాక్‌ను బిగించిన బోల్టులు ఒక్కొక్కటీ స్పానరుతో విప్పి గేటు తోశాం. 40 నిమిషాలు పట్టింది. ఆ సేపంతా అమ్మ కారులో కూర్చుని కొబ్బరిచెట్ల వంకే చూస్తూ ఉంది.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ తాళంలో సిలికాన్ స్ప్రే కొట్టి, చెవి తిప్పి, లివర్ పూర్తిగా లాగి గేటును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చేత్తో నడిపిస్తాను. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. గేటు ఎక్కడ బరువుగా కదులుతోందో చేతికి తెలిసిపోతుంది. మోటారు చెప్పకముందే చక్రాల సంగతి బయటపడుతుంది.

ఆ మరుసటి ఏడాది చలికాలంలో వింత సమస్య మొదలైంది. పొద్దున ఏడింటికి గేటు తెరుచుకునేది, ఎంత నొక్కినా మూసుకునేది కాదు. పది గంటలకి అమ్మ ఫోన్ చేసి, "ఇప్పుడు నొక్కితే మూసుకుందిరా" అనేది. బిగించినవాళ్లు మధ్యాహ్నం వచ్చి చూసి, అంతా బాగానే ఉందని 500 తీసుకుని వెళ్లారు. అలా రెండుసార్లు జరిగింది. ఒక ఆదివారం తెల్లవారకముందే లేచి టార్చితో సెన్సర్ దగ్గర కూర్చున్నాను. గేటుకి అటూ ఇటూ స్తంభాల మీద రెండు చిన్న డబ్బాలుంటాయి. ఒకటి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో ఏదైనా అడ్డొస్తే గేటు మూసుకోదు. అందుకునే డబ్బా అద్దం లోపలి వైపు, అన్నం గిన్నె మూత తీస్తే కనిపించేలాంటి సన్నటి ఆవిరి చుక్కలు వరసగా పట్టి ఉన్నాయి. ఎండ పడేకొద్దీ అవి అంచుల నుంచి తగ్గుతూ వచ్చాయి. మధ్యలో అర్ధరూపాయంత చోటు తేటపడగానే లోపల టిక్‌మని చిన్న శబ్దం వినిపించింది. రిమోట్ నొక్కాను, గేటు మూసుకుంది. ఆ చెమ్మనే అది అడ్డు అనుకుంటోంది.

వైరు వచ్చే కన్నం తెరిచే ఉంది. భూమిలోంచి వచ్చే పైపు గుండా తేమగాలి నేరుగా డబ్బాలోకి ఎక్కుతోంది. డబ్బా ఆరబెట్టి, వైరు చుట్టూ సిలికాన్ పెట్టి మూసి, ఎప్పుడైనా నీరు చేరితే కారిపోవడానికి అడుగున చిన్న కన్నం పెట్టాను. బయట అద్దం మీద పట్టే ఉప్పు పొరను వారానికోసారి తడిగుడ్డతో తుడుస్తాను. మళ్లీ ఆ బాధ రాలేదు.

అంతకుముందు వచ్చిన మనిషి ఒక సలహా ఇచ్చాడు. సెన్సర్ వైర్లు రెండూ కలిపేస్తే ఇక గొడవే ఉండదన్నాడు. దయచేసి ఎవరు చెప్పినా ఆ పని చేయించుకోకండి. వైర్లు కలిపేస్తే ఎదురుగా పిల్లాడు నిలబడినా మోటారును నడిపే సర్క్యూట్ బోర్డు దారి ఖాళీగానే ఉందనుకుంటుంది. మా వీధిలో సాయంత్రం పదిమంది పిల్లలు ఆడుకుంటారు, బంతి మా వాకిట్లోనే పడుతుంది. ఆ బరువు గేటు వాళ్ల మీదికి వెళ్తుందన్న ఊహే నేను భరించలేను. సెన్సర్ పాడైతే బాగయ్యేదాకా లివర్ లాగి చేత్తో తోసుకోవచ్చు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. వాన తగలకుండా ఉంటే మంచిదని 2020లో మోటారు మీద చిన్న రేకు కప్పు వేయించాను. ఏడాది తర్వాత చూస్తే, వానకి నేరుగా తడిసే వైపు కంటే ఆ కప్పు కింద ఉన్న స్క్రూలే ఎక్కువ తుప్పు పట్టాయి. కారణం తర్వాత అర్థమైంది. గాలిలో వచ్చే ఉప్పు అన్ని చోట్లా పడుతుంది. వాన తగిలే చోట అది కడుక్కుపోతుంది, కప్పు కింద పేరుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరిగి నీరవుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం అందరూ చూసేదే. అంటే వాన లేకపోయినా ఇనుము మీద ఉప్పునీటి పొర ఉంటూనే ఉంటుంది. కప్పు తీసేయలేదు, ఎండకి ప్లాస్టిక్ మూత పగలకుండా కాపాడుతోంది. కానీ దాని కింద పదిహేను రోజులకోసారి మగ్గుతో మంచినీళ్లు పోసి గుడ్డతో తుడుస్తాను. కుళాయి నీళ్లే వాడతాను, మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పైపుతో ఒత్తిడిగా కొట్టకూడదు, నీరు మూత సందుల్లోకి దూరుతుంది.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత వారానికి మా గేటు అర్ధరాత్రి దానంతటదే తెరుచుకోవడం మొదలుపెట్టింది. అమ్మకి ఒకటే టెన్షన్, రాత్రిళ్లు నిద్ర లేదు. బిగించినవాళ్లు బోర్డు పోయింది, మార్చాలి, 11,500 అవుతుందన్నారు. అంత డబ్బు పెట్టేముందు ఇంకొకరికి చూపిద్దామని, పడవల ఇంజన్లకి వైరింగ్ చేసే ఇచ్ఛాపురం మెకానిక్ ఒకాయన్ని పిలిపించాను.

ఆయన మూత తీసి, ఏదీ ముట్టుకోకుండా ముందు ఫోన్‌తో వైర్ల ఫోటోలు తీశాడు. "సార్, ఇలా రండి, ఇది చూడండి" అని టార్చి వేశాడు. వైర్లు బిగించే స్క్రూల చుట్టూ పచ్చగా చిలుం పట్టింది. గేటు తెరిచే స్విచ్చికి వెళ్లే రెండు స్క్రూల మధ్య ఆ చిలుం వంతెనలా అల్లుకుంది. రాత్రి తేమ పెరగ్గానే ఆ వంతెన గుండా కొద్దిగా కరెంటు పారుతోంది. ఎవరో స్విచ్చి నొక్కారనుకుని బోర్డు గేటు తెరుస్తోంది. బోర్డు దగ్గరుండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వెచ్చగా ఉంటుందని దాని చుట్టూ చీమలు మట్టి పోగేసి గుడ్లు పెట్టాయి. "బోర్డుకేం కాలేదండి, దాన్ని ఉంచిన తీరే బాలేదు" అన్నాడు.

మెయిన్ ఆపేసి బోర్డు విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా కడిగాడు. గంటన్నర ఆరాక, స్క్రూల వరసకీ రిలేలకీ టేపు వేసి మిగతా బోర్డు మీద వార్నిష్ లాంటి పూత స్ప్రే చేశాడు. రాగి వైర్ల కొనలు నల్లబడినంత మేర కోసేసి, తగరం పూసిన లగ్గులు (వైరు కొనకి వేసే లోహపు తొడుగులు) వేశాడు. వైర్లు వచ్చే పైపు మూతిని సీలెంట్‌తో పూడ్చాడు. అన్నీ కలిపి 1,800 తీసుకున్నాడు. అదే బోర్డు ఇవాళ్టికీ పనిచేస్తోంది. ఇప్పుడు నేనే మే నెలలో ఒకసారి, దీపావళి తర్వాత ఒకసారి మెయిన్ ఆపి మూత తెరిచి చూస్తాను. అందులో వేసిన, తేమను పీల్చే సిలికా జెల్ సంచి అప్పుడే మారుస్తాను.

2022లో మోటారు మూలుగుతూ కదలకుండా ఉండిపోయింది, చేత్తో కాస్త తోస్తే కదిలేది. అది కెపాసిటర్, అంటే మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే భాగం, బలహీనపడడం వల్ల. మీద 16 మైక్రోఫారడ్ అని ఉంటే మీటరులో 9 చూపించింది. 300 రూపాయలతో పోయింది. ఇది ఉప్పుగాలి వల్ల వచ్చింది కాదు, వాడకం వల్ల వచ్చేదే. కరెంటు ఆపాక కూడా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత ఛార్జీ మిగలొచ్చు, తెలిసినవాళ్లతోనే మార్పించండి.

అసలు దెబ్బ గేటుకి తగిలింది. ఏటా రెడ్ ఆక్సైడ్, దాని మీద రంగు వేయిస్తూనే ఉన్నాను. పైకి నిగనిగలాడేది. 2023లో చక్రం మార్చడానికి వచ్చిన వెల్డరు కింది పైపు మీద సుత్తితో తడితే సుత్తి మొన లోపలికి దిగిపోయింది. కన్నంలోంచి గోధుమరంగు నీళ్లు కారాయి, వాటి వెంట గుప్పెళ్ల కొద్దీ తుప్పు పెచ్చులు. నాలుగు వైపులా మూసిన పైపు, నీరు పోయే దారి లేదు. ఐదేళ్లుగా లోపలి నుంచి తినేస్తోంది. రంగు బయట ఉంది, జబ్బు లోపల ఉంది.

కొత్త గేటు చేయించి, విశాఖ వైపు ఒక యూనిట్‌కు పంపి హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయించాను. అంటే గేటు మొత్తాన్ని సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచుతారు, పైపుల లోపల కూడా జింకు పడుతుంది. అందుకోసం ప్రతి పైపుకీ రెండు చివరలా కన్నాలు పెట్టాలి. మా వెల్డరు మొదట ఒప్పుకోలేదు, పని శుభ్రంగా కనపడదన్నాడు. మూసిన పైపులో తేమ ఉంటే ఆ వేడికి ఆవిరై పైపు పేలిపోతుందని యూనిట్ వాళ్లు ఫోన్‌లో చెప్పాక ఒప్పుకున్నాడు. ఆ కన్నాలే ఇప్పుడు నీరు కారడానికి కూడా పనికొస్తున్నాయి. ర్యాక్ బిగించే క్లిప్పులతో సహా వెల్డింగ్ అంతా ముంచడానికి ముందే అయిపోవాలి. తర్వాత వెల్డింగ్ చేస్తే అక్కడ జింకు కాలిపోతుంది, ఆ పొగ పీల్చడం మంచిది కాదు. మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల మందం ఇనుముకు ఈ పద్ధతిలో సగటున 70 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జింకు పట్టాలి. బజారులో దొరికే మెరుపు బోల్టుల మీద పూత పది మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది, అందుకే ఒక్క వానాకాలానికే ఎర్రబడతాయి. రవాణాతో కలిపి గేటుకి 54 వేలు అయింది. బాధ కలిగింది, కానీ మొదటిసారే ఈ పని చేసి ఉంటే పాత గేటు డబ్బు, ఐదేళ్ల రంగుల డబ్బు మిగిలేది.

స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుల్లో 304 గ్రేడు మా దగ్గర ఏడాదిలోనే టీ మరకల్లా రంగు తిరిగింది. 316 గ్రేడులో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది కాబట్టి ఉప్పుకి బాగా ఆగుతుంది. ధర ఎక్కువే, కానీ మొత్తం కావలసినవి ఇరవై ముప్ఫై బోల్టులే. మోటారు ఒళ్లు అల్యూమినియం. అందులోకి స్టీలు స్క్రూ దిగినచోట రెండు లోహాలకీ ఉప్పు తడిలో పొత్తు కుదరక అల్యూమినియం తెల్ల పొడిలా రాలుతుంది, స్క్రూ బిగుసుకుపోయి తల తెగుతుంది. మాకు రెండు తెగాయి. ఇప్పుడు ప్రతి స్క్రూకీ గ్రీజు రాసే బిగిస్తున్నాం. ర్యాక్ పళ్లకి, కింద ట్రాక్‌కి మాత్రం గ్రీజు రాయకండి. ఇక్కడి గాలిలో ఇసుక ఎగురుతుంది, గ్రీజుకి అంటుకుని సానరాయిలా పళ్లను అరగదీస్తుంది. చక్రాలకి రెండు పక్కలా రబ్బరు మూతలున్న బేరింగులు వేయించి, రెండేళ్లకోసారి మారుస్తున్నాను.

కొత్తగా కొనేవాళ్లకి ఒక మాట. డబ్బా మీద ఐపీ 44, ఐపీ 54 అని రాసి ఉంటుంది. అది దుమ్ము, నీరు లోపలికి రాకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె, ఉప్పు గురించి ఏమీ చెప్పదు. ఉప్పునీటి పొగమంచులో పెట్టి పరీక్షించారా, ఎన్ని గంటలు అని విడిగా అడగండి. ఆ మోడల్ బోర్డు, కెపాసిటర్, గేర్ బరంపురంలోనో విశాఖలోనో విడిగా దొరుకుతాయా అని కూడా అడగండి. మోటారు దిమ్మెను నేల కంటే జానెడు ఎత్తున కట్టించండి.

మళ్లీ కొనాల్సి వస్తే ఇలాంటి మోటారే కొంటాను. కానీ దానికంటే ముందు గాల్వనైజ్ చేసిన గేటు, 316 బోల్టులు, పూత వేసిన బోర్డు తెచ్చుకుని, ఆ తర్వాతే బిగించమంటాను. అమ్మకి ఇప్పుడు 74 ఏళ్లు. నా కారు హారన్ వినగానే వరండా కుర్చీలో కూర్చునే రిమోట్ నొక్కుతుంది. తాళంచెవి తలుపు పక్కన మేకుకి ఉంటుంది. మొన్న ఆదివారం దాన్ని అమ్మ చేతికే ఇచ్చాను. తిప్పింది, లివర్ లాగింది, కొత్త గేటును ఒక్క చేత్తో కారు పట్టేంత మేర జరిపింది.