కర్నూలు నుంచి కడపకు మట్టిదారుల్లో సైకిల్: మ్యాపులు, దారి, బస

కర్నూలు నుంచి కడపకు హైవే మీద సుమారు రెండు వందల పది కిలోమీటర్లు. సైకిల్ మీద ఆ రోడ్డు నేను ఎవరికీ చెప్పను. లారీల పక్కన తొక్కడం తప్ప అందులో చూసేదేం లేదు. నాకు కావలసింది కాలువగట్లు, బండ్లదారులు, ఊళ్ల మధ్య గరుసు రోడ్లు. అలాంటి దారి మన సీమలో కావలసినంత ఉంది. ఒకచోట గీసిన మ్యాప్ మాత్రం లేదు, అందుకే మనమే కూర్చుకోవాలి. ఆ పనికే నాకు తొక్కడం కన్నా ఎక్కువ సమయం పట్టింది, అయినా ఎంతో ఇష్టంగా చేశాను.

మొదటి ముక్క కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని కడప దాకా మూడు వందల కిలోమీటర్లు దాటి పోయే కాలువ, 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. కర్నూల్లో హంద్రీ నది మీదుగా అక్విడక్టులో, అంటే కాలువ నీళ్లను మోసే వంతెనలో దాటుతుంది. కాలువ అన్నాక పక్కన గట్టు ఉంటుంది, గట్టు మీద దాదాపు ఎత్తుపల్లాలు ఉండవు, ఇంతకన్నా సైకిల్‌కు ఏం కావాలి అనిపిస్తుంది. కానీ కాలువ నందికొట్కూరు వైపు తిరిగి తిరిగి పోతుంది, మొత్తం పట్టుకుంటే హైవే కన్నా చాలా దూరం. కాబట్టి నంద్యాల లోపు బాగున్న ముక్కలు మాత్రం ఎంచుకుని, మిగతాది ఊరి రోడ్లతో కలుపుకోవడం మంచిది.

ఏ ముక్క బాగుందో ఇంట్లో కూర్చుని ఎలా తెలుస్తుంది? నేను వాడేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, జనమే గీసి అందరికీ ఉచితంగా పెట్టిన మ్యాప్. దాని మీద నడిచే బీరౌటర్ అనే ప్లానర్‌లో (దారి గీసిపెట్టే వెబ్‌సైట్) సైకిల్‌కు తగ్గట్టు రోడ్డు రకాలు మార్చుకోవచ్చు. ఇబ్బంది ఏమిటంటే, చాలాచోట్ల కాలువను నీలం గీతగా గీశారు గానీ గట్టు మీది దారిని గీయలేదు. గీయని దారిలో ఏ ప్లానరూ మనల్ని నడిపించదు. అందుకని గూగుల్ ఎర్త్ తెరిచి గట్టు వెంబడి చూసుకుంటూ పోవాలి. తెల్లటి సన్నని గీత తెగకుండా కనిపిస్తే బండ్లు తిరుగుతున్నట్టు. ఒకవైపు గట్టు మీద గీత ఉండి రెండోవైపు అంతా కంపచెట్లే ఉన్న చోట్లు చాలా ఉన్నాయి, కాబట్టి ఎడమ గట్టా కుడి గట్టా అన్నది ముందే రాసుకోండి. మధ్యలో మారాలంటే వంతెన దొరికేదాకా పోవాలి. అదే గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఫోటోలు కూడా చూడొచ్చు. ఎండాకాలంది ఒకటి, వానలు పడ్డాక తీసింది ఒకటి పక్కపక్కన పెట్టుకుంటే ఏ వంక దగ్గర దారి నీళ్లలో ఉంటుందో తెలిసిపోతుంది. ఈ ఒక్క పని చేస్తే సగం టెన్షన్ పోతుంది.

ఎత్తుల కోసం సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే కొండలు, వంకలు, ఎత్తులు గీసిన సర్కారు మ్యాపులు. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే పీడీఎఫ్‌లు ఉచితంగా వస్తాయి. 1:50,000 స్కేలు, అంటే మ్యాప్ మీద సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. ఎత్తుగీతలు ఇరవై మీటర్లకు ఒకటి. పాత నంబర్ల ప్రకారం కర్నూలు 57 ఐ, కడప, గండికోట 57 జె, అనంతపురం 57 ఎఫ్ కిందకు వస్తాయి. ఎర్రమల కొండలు దాటేచోట ఏ కనుమ తేలికో ఈ షీట్లలో తెలిసినంత బాగా ఫోన్ యాప్‌లో తెలియదు.

కానీ టోపోషీట్‌లోని రోడ్లను గుడ్డిగా నమ్మొద్దు. గండికోట రిజర్వాయర్ నిండాక కొండాపురం వైపు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగిపోయాయి. పాత షీట్‌లో అక్కడ ఊరుంది, రోడ్డుంది. ఇప్పుడున్నది నీళ్లు. తాడిపత్రి నుంచి గండికోటకు అటువైపు వచ్చేవాళ్లు కొత్త ఉపగ్రహ చిత్రం చూడకుండా బయలుదేరొద్దు.

ఇంకో మంచి మ్యాప్ ఉంది, సైకిల్ వాళ్లు దాని జోలికే పోరు. భూమి రికార్డుల సర్కారు వెబ్‌సైట్ మీభూమిలో గ్రామ పటాలు దొరుకుతాయి. డొంకలు, రస్తాలు, వంకలు అందులో ఉంటాయి. పొలాల మధ్య దారి ఎవరి సొంత గట్టో, ఏది ఊరుమ్మడి డొంకో అక్కడ తేలుతుంది. పంట ఉన్న కాలంలో ఒకరి పొలం తొక్కకుండా పోవడం ముఖ్యం కదా.

ఇవన్నీ అయ్యాక కూడా చివరి మాట అక్కడి మనుషులదే. కాలువ మీద లస్కర్లను, అంటే నీళ్లు, తూములు చూసుకునే పనివాళ్లను అడగండి, ఏ తూము దగ్గర గట్టు కోసుకుపోయిందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నంద్యాల దాటాక గొర్రెలు కాసే పెద్దాయన ఒకరు నా ఫోన్‌లో గీత చూసి, "ఆ దావన పోవద్దప్పా, నిన్న వాన పడింది, రేగడి చక్రాలకు పట్టుకుంటాది" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కుందూ నది లోయంతా నల్లరేగడి. తడిస్తే చక్రానికీ ఫ్రేముకూ మధ్య ముద్దలా పట్టి సైకిల్ కదలదు, ఎత్తుకుని నడవాల్సిందే. అందుకని నంద్యాల, కోయిలకుంట్ల ప్రాంతానికి రెండు గీతలు పెట్టుకోండి, పొడి రోజుకు మట్టిదారి, తడి రోజుకు తారురోడ్డు. అనంతపురం వైపు ఎర్రనేల, అక్కడ వాన వెలిశాక త్వరగానే తొక్కొచ్చు.

నంద్యాలకు తూర్పున మ్యాప్‌లో నల్లమల దారులు ఊరిస్తాయి. అది పులుల అభయారణ్యం వైపు అడవి. అటవీ శాఖ అనుమతి లేకుండా ఆ మట్టిదారుల్లోకి పోకూడదు, మీ గీతను అడవి అంచుకు బయటే ఉంచండి.

నంద్యాలలో బస్టాండ్ దగ్గరి లాడ్జీలు చాలు. సైకిల్ గదిలోకి తీసుకుపోనిస్తారా అని ముందే అడగండి, కింది అంతస్తు గది తీసుకోండి. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని బయలుదేరితే బనగానపల్లె దాకా ఆకలి ఉండదు.

బనగానపల్లె నుంచి బెలుం వైపు నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. పెద్ద రోడ్డు మీద దుమ్ము, లారీలు. ఈ ముక్కలో గ్రామాల లోపలి రోడ్లకే నా ఓటు, కొంచెం చుట్టైనా సరే. బెలుం గుహలు మొత్తం 3,229 మీటర్లు, చూడ్డానికి తెరిచింది అందులో ఒకటిన్నర కిలోమీటర్ల దాకా. లోపల ఉక్కపోత ఎక్కువ, కాబట్టి ఎండలో తొక్కి వచ్చి నేరుగా దిగకుండా కాసేపు కూర్చోండి. పక్కనే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, మామూలు గది, శుభ్రం పర్వాలేదు, చుట్టుపక్కల వేరే దిక్కు లేదు కాబట్టి విలువైనదే.

బెలుం నుంచి గండికోట మ్యాప్‌లో దగ్గరగా కనిపిస్తుంది. కానీ కోట పెన్నకు కుడిగట్టున ఉంది, మధ్యలో లోయ. జమ్మలమడుగు మీదుగా చుట్టి రావాల్సిందే, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు. గండికోటలోనూ హరిత హోటల్ ఉంది, శని ఆదివారాల్లో గదులు దొరకడం కష్టం. టెంట్లు వేసేవాళ్లలో ఒకరి దగ్గర నేను డబ్బు ముందే కట్టాను, వెళ్తే తాగే నీళ్లకు వేరే డబ్బులు అడిగారు, మరుగుదొడ్డికి చాలా దూరం నడవాలి. కట్టేముందు ఈ రెండూ ఫోన్‌లో అడిగి తేల్చుకోండి. కనిపించే దృశ్యం విషయంలో మాత్రం ఈ దారి మొత్తంలో గండికోటకు సాటి లేదు, ఒక పూట అదనంగా పెట్టుకోండి.

మధ్యలో ఒళ్లు బాగాలేకపోయినా సైకిల్ పాడైనా తప్పించుకునే దారి కూడా మ్యాప్‌లో ఉండాలి. ఇక్కడ అది నంద్యాల - ఎర్రగుంట్ల రైలు మార్గం, 2016లో మొదలైంది. బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు అన్నీ దాని మీదే. రైళ్లు తక్కువ, వేళలు ముందే రాసుకోండి. రైలు తప్పితే పల్లెవెలుగు బస్సు.

ప్రొద్దుటూరు నుంచి కడపకు పుష్పగిరి వైపు తిప్పుకుంటే ఈ ప్రయాణంలోని హాయైన ముక్క దొరుకుతుంది. పెన్న ఒడ్డున గుడులు, దగ్గర్లోనే ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట, మళ్లీ కేసీ కాలువ గట్టు.

ఫోన్‌లో ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మ్ఆండ్ గానీ పెట్టుకుని, జీపీఎక్స్ ఫైలు (మీరు గీసుకున్న దారి ఉండే ఫైలు), ఆ ప్రాంతం మ్యాపులు ముందే దించుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో పెడితే బ్యాటరీ నిలుస్తుంది. కంపముళ్లు, పల్లేరుకాయలు టైర్లను వదలవు, టైర్లలో సీలెంట్ (చిల్లు పడితే తనంతట పూడ్చే ద్రవం) పోసుకుని రండి. సన్న వాల్వ్ ట్యూబులు నంద్యాలలోనూ ప్రొద్దుటూరులోనూ అడిగితే నాకు దొరకలేదు, మీవి మీరే తెచ్చుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తొక్కొచ్చు, మార్చి తర్వాత వద్దు.

తిరుగు ప్రయాణానికి కడప నుంచి రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కర్నూలు మీదుగా పోతుంది. సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి, రైలు టైముకు బాగా ముందే వెళ్లండి. పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రాసిన అట్టముక్క ఫ్రేముకు గట్టిగా కట్టండి, పెడళ్లు విప్పి సంచిలో వేసుకోండి.