వాయిదాలు ఆగితే సాయం ఎవరికి? 1933, 2008, 2020 పద్ధతుల్లో ఏది మేలు?

ఇంటి అప్పుల వాయిదాలు ఊళ్లకు ఊళ్లే ఆగిపోతుంటే ప్రభుత్వం చేయగలిగినవి మూడే. అప్పిచ్చిన సంస్థ కూలకుండా డబ్బు పోయడం, ఆ అప్పును తానే కొని తిరగరాయడం, కొన్నాళ్లు కట్టకపోయినా ఫర్వాలేదనడం. అమెరికా తొంభై ఏళ్లలోపే మూడూ చేసి చూసింది.

అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇళ్ల ధరలు కుప్పకూలిన 2008ది. ఆ సెప్టెంబరు 7న ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థలను ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకుంది. ఇవి జనానికి నేరుగా అప్పివ్వవు. బ్యాంకులిచ్చిన ఇంటి అప్పులను కొని, పూచీ పెట్టి మదుపరులకు అమ్ముతాయి. వీటిలోకి ఖజానా నుంచి 19,000 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. లాభాల వాటాల రూపంలో అంతకంటే ఎక్కువే తిరిగొచ్చింది కూడా. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మనవాళ్లకు ఇవాళ్టికీ 30 ఏళ్ల స్థిర వడ్డీ అప్పు దొరుకుతోందంటే, ఆ రోజు ఈ రెండూ మూతపడకపోవడం ఒక కారణం. కాబట్టి ఆ డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరనడం అన్యాయం.

అన్యాయం జరిగింది ఇంకోచోట. బాకీదారుల కోసం 2009లో హాంప్ అనే పథకం తెచ్చారు. వాయిదాను ఆదాయంలో 31 శాతానికి తగ్గిస్తామన్నారు, 30 నుంచి 40 లక్షల కుటుంబాలకు మేలన్నారు. 2016 చివర పథకం ముగిసేసరికి శాశ్వతంగా తిరగరాసిన అప్పులు 20 లక్షలకు చేరలేదు. పనిని వాయిదాలు వసూలు చేసే కంపెనీల చేతిలో పెట్టారు. అప్పు వాటిది కాదు, నష్టమూ వాటిది కాదు. పైగా ఆలస్య రుసుములు వాటికే వస్తాయి. ఇక తొందరేముంటుంది? పంపిన కాగితాలే మళ్లీ పంపమనేవారు, పోయాయనేవారు. 2010 మొదట్లో ఆ దేశంలో పది ఇంటి అప్పుల్లో ఒకటి బకాయిలో ఉంది. సంస్థలకు డబ్బు వారాల్లో అందింది, బాకీదారుడు మాత్రం నెలల తరబడి ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ హయాంలో పుట్టిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ దారి వేరు. అప్పిచ్చినవాడు తనఖా పత్రం అప్పగించి ప్రభుత్వ బాండు పుచ్చుకుంటాడు. అదే లావాదేవీలో ఇంటాయనకు 5 శాతం వడ్డీతో, 15 ఏళ్ల గడువుతో కొత్త అప్పు రాస్తారు. అంతకుముందు అక్కడ అప్పులు చాలావరకు మూడు నుంచి అయిదేళ్లవి, చివర్లో అసలంతా ఒక్కసారే కట్టాలి. ఉద్యోగం పోయినవాడికి అది ఉరే. మూడేళ్లలో పది లక్షలకు పైగా అప్పులు ఇలా మారాయి. వచ్చిన దరఖాస్తులు దాదాపు 19 లక్షలు కాబట్టి అందరికీ అందలేదన్నదీ నిజమే. అందినవాళ్లలోనూ అయిదుగురిలో ఒకరికి ఇల్లు దక్కలేదు. అయితే వీళ్లు సగటున రెండేళ్ల బకాయితో గుమ్మం తొక్కినవాళ్లు, మిగతా నలుగురు నిలబడటమే విశేషం. 1951లో స్వల్ప లాభంతోనే లెక్కలు మూసేశారు. మచ్చ కూడా ఉంది: నల్లవాళ్లు ఉండే పేటలకు పటాల్లో ఎర్ర రంగు పులిమింది ఈ సంస్థే.

2020 కోవిడ్ పద్ధతి అన్నిటికంటే తేలిక. ప్రభుత్వ పూచీ ఉన్న అప్పయితే కష్టంలో ఉన్నానని చెబితే చాలు, కాగితాలు అడగకుండా 180 రోజులు, కావాలంటే మరో 180 రోజులు వాయిదా ఆపుకోనిచ్చారు. ఒక దశలో 40 లక్షలకు పైగా ఇళ్లవాళ్లు వాడుకున్నారు. మామూలుగా పడే వడ్డీకి మించి పైసా వేయకూడదని చట్టంలోనే రాశారు. ఫ్యానీ, ఫ్రెడ్డీ అప్పుల్లో చాలావాటికి ఆగిన మొత్తాన్ని వడ్డీ లేకుండా చివరికి జరిపారు. ఉద్యోగాలు త్వరగా తిరిగొచ్చాయి, ఇళ్ల ధరలు పెరిగాయి కాబట్టి కూడా ఇది పనిచేసింది. ధరలు కుప్పకూలిన 2008లో ఇదొక్కటే చేసుంటే గండం ఏడాది వెనక్కి జరిగేదంతే.

మన దగ్గర అదే ఏడాది రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆరు నెలల మారటోరియం (వాయిదాలకు విరామం) పేరులో దానికి చుట్టమే కానీ లెక్కలో కాదు. ఇక్కడ వడ్డీ పెరుగుతూ అసలులో కలిసింది. అప్పుడే తీసుకున్న 30 లక్షల అప్పు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకోండి. ఆరు వాయిదాలు ఆపి, తర్వాత పాత ఈఎంఐయే కడితే 240 కాదు, దాదాపు 266 కట్టాలి. రెండు కోట్ల లోపు అప్పులకు కేంద్రం తర్వాత తిరిగిచ్చింది వడ్డీ మీద పడిన వడ్డీని మాత్రమే.

కొద్ది నెలల దెబ్బకు అమెరికా 2020 పద్ధతి చాలు. ఉపాధి ఏళ్ల తరబడి పోయి, ఇంటి విలువ అప్పుకంటే కిందికి దిగితే నా ఓటు 1933కే. సంస్థను ఆదుకోవడం, బాకీదారుణ్ని ఆదుకోవడం అక్కడ ఒకే సంతకంతో జరిగాయి. 2008లో మొదటిదానికి రెండోది షరతు కాలేదు. మన దగ్గరా 2020లో హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు, ఇతర ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని ఆర్థిక సంస్థలకు) కలిపి, నగదు కొరత తీర్చేందుకు 30,000 కోట్ల రూపాయల ప్రత్యేక పథకం తెచ్చారు. ఆ డబ్బు ఆ కంపెనీలు తమ పాత బాకీలు తీర్చుకోవడానికే వాడాలన్నది దాని నిబంధన.